కింది కాలి మీద బరువు

2020 జనవరి 10, శుక్రవారం

నౌపడ జంక్షన్ దగ్గర రైలు పడమటికి తిరిగే ముందు ఉప్పు మడులు కనిపిస్తాయి. నిరుటి కుప్పల మీద తాటాకు కప్పి ఉంది. గాలికి కప్పు జారిన చోట ఉప్పు తెల్లగా బయటపడింది. ఫొటో తీసి పర్లాకిమిడిలో ఉన్న మేనల్లుడికి పంపాను: "ఇదిగోరా నీ మంచు." నిమిషంలో జవాబు వచ్చింది: "మామయ్యా, మంచు మీద కూడా ఉప్పు చల్లుతారు, తెలుసా?" వేళాకోళం అనుకున్నాను.

ఈ లైను 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది కానీ బండికి పాత తీరిక పోలేదు. పాతపట్నం దాటగానే ఒడిశా. బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా మారాయి. ప్లాట్‌ఫారం మీద మాట మాత్రం మారలేదు. నా సంచీ తగిలిన ముసలాయన నన్ను తెలుగులోనే తిట్టాడు.

నేను వచ్చింది సంక్రాంతికి. మా చెల్లెలి ఇల్లు ఇక్కడే. మేనల్లుడు చిన్నాకి పదహారేళ్లు, ప్లస్ టూ చదువుతున్నాడు. నిరుడు శీతకాలంలో వాళ్లంతా మనాలీ వెళ్లినప్పుడు సోలాంగ్ లోయ మంచులో వీడు మూడు రోజులు అద్దె స్కీలు, అంటే కాళ్లకు కట్టుకునే పొడుగు పలకలు, వేసుకుని జారాడు. ఆ జారడం ఇంకా ఆగలేదు. ఇవాళ కాలేజీకి వెళ్లలేదట, కడుపునొప్పి. ఆ కడుపుతోనే రెండు మార్లు అన్నం పెట్టించుకుని, ఆవకాయ జాడీకి ఫోను ఆనించి కూర్చున్నాడు. అసలు జబ్బు పేరు స్విట్జర్లాండ్‌లోని లోజాన్ యువ ఒలింపిక్స్.

పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలకే ఈ శీతకాలపు ఒలింపిక్స్. మొదటిది 2012లో ఇన్స్‌బ్రుక్‌లో, తర్వాతది 2016లో లిల్లెహామర్‌లో జరిగాయి. ఇది మూడోది, నిన్ననే మొదలైంది. సగం అబ్బాయిలు, సగం అమ్మాయిలు. ఆల్పైన్ స్కీయింగ్, అంటే కొండ వాలు దిగే స్కీ పోటీలు, లోజాన్‌లో కాదు, కొండల్లోని లే దియాబ్లెరే అనే ఊళ్లో. అక్కడ పొద్దున జరిగేది మాకు భోజనాల వేళకు వస్తుంది, నాలుగున్నర గంటల తేడా.

ఇవాళ సూపర్-జీ, మహా వేగంగా వాలు దిగే పందెం. ఒక్కటే పరుగు, మరో అవకాశం లేదు. సాధన పరుగు కూడా ఉండదు. పొద్దున కాసేపు వాలు పక్కగా మెల్లగా జారుతూ గేట్లు, అంటే దారి చూపే జెండా కర్రలు, ఎక్కడెక్కడ పాతారో చూసుకోనిస్తారు. ఆ చూసిందంతా బుర్రలో పెట్టుకుని దూకాలి. పైన కాళ్లకు అడ్డంగా సన్నని పుల్ల ఒకటి ఉంటుంది. కాలు దాన్ని నెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది.

"సెకనులో నూరో వంతు దాకా కొలుస్తారు" అన్నాడు చిన్నా.

"నూరో వంతుకు ఏమి తేడా వస్తుందిరా?"

"గంటకు 90 కిలోమీటర్ల వేగం అనుకో మామయ్యా. సెకనుకు 25 మీటర్లు. నూరో వంతులో 25 సెంటీమీటర్లు."

అంటే జానెడు. కొండంత వాలు దిగి జానెడు తేడాతో పతకం పోగొట్టుకోవడం! అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. "ఎక్కడం కదా కష్టం. దిగడంలో ఏముందిరా గొప్ప? వదిలేస్తే రాయి కూడా దిగుతుంది" అన్నాను. వాడు నావైపు చూసి మళ్లీ జాడీ వైపు తిరిగాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఇబ్బందిగా అనిపించింది.

ఉప్పు సంగతి రాత్రి అడిగాను. నిజమేనట. ఎండకు మంచు మెత్తబడితే వెనక వచ్చేవాళ్లకు దారి గుంటలు పడుతుంది. అప్పుడు ఉప్పు చల్లుతారు. పైపొర కరుగుతుంది, కరగడానికి కావలసిన వేడిని చుట్టుపక్కల మంచు నుంచే లాక్కుంటుంది, దాంతో మిగిలింది గట్టిపడుతుంది. కుల్ఫీ బండివాడు ఐసు ముక్కల్లో ఉప్పు వేసే కిటుకే. ఇంత మాత్రానికి నేను స్విట్జర్లాండ్ దాకా వెళ్లక్కర్లేదు, మా ఊరి కుల్ఫీ సాయిబుని అడిగినా చెప్పేవాడు.

జనవరి 11, శనివారం

ఊరు తిరిగాను. మహేంద్రతనయ ఒడ్డున రాజావారి బృందావన ప్యాలెస్ దాకా వెళ్లి, వస్తూ కొమ్ము బొమ్మలు చేసే చోట ఆగాను. పశువు కొమ్మును వేడి చేసి, మెత్తబడ్డప్పుడు వంచి కొంగ మెడ తీస్తున్నారు. చల్లారిందా, ఆ వంపు ఇక పోదు.

పర్లాకిమిడి వచ్చి గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఎలా? రాజావారి పాఠశాలలో పాఠాలు చెబుతూ, సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన మనిషి. జనం మాట్లాడే మాటే రాతకు పనికి వస్తుందని పండితులతో పోట్లాడిన మనిషి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. మా బావ వాళ్లు ఉండిపోయినవాళ్ల మనవలు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో ఏది ముందు నోటికొస్తే అది.

"స్లాలమ్ అంటే ఏమిటో తెలుసా మామయ్యా? కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పందెం. నార్వే పల్లెటూరి మాట. వాలు, జాడ, రెండూ కలిపితే స్లాలమ్."

"అయితే తెలుగులో వాలుజాడ అనవచ్చు" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

వాడు ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించాడు. "బాగుంది. కానీ నేను స్లాలమ్ అనే అంటాను."

పంతులు గారు ఉంటే వాడి పక్షమే వహించి ఉండేవారు.

సాయంత్రం వెదురు కర్రలు కొన్నాం, పన్నెండు. ఎందుకో చెప్పలేదు. మా చెల్లెలి పాత జాకెట్టు ముక్కలు, ఎర్రవి ఆరు, నీలివి ఆరు కత్తిరించుకున్నాడు. నీలి జాకెట్టు అంత పాతది కాదని రాత్రి తేలింది.

జనవరి 12, ఆదివారం

పొద్దున్నే బావ కారులో చంద్రగిరి. గజపతి జిల్లా కొండల మధ్య టిబెటన్ల ఊరు ఇది. 1963లో శరణార్థులుగా వచ్చి ఇక్కడ అడవి అంచున స్థిరపడ్డారు. జీరంగ్‌లో పద్మసంభవ మహావిహారం ఉంది. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. బంగారు రంగు కప్పు, లోపల పెద్ద బుద్ధుడు. బయట కోసేసిన మొక్కజొన్న చేలు, ఎండుదంట్ల మోళ్లు.

ఊళ్లో వయసువాళ్లు తక్కువగా కనిపించారు. శీతకాలం కదా, ఊళ్ల వెంట స్వెటర్ల దుకాణాలు పెట్టుకుని ఉంటారు. మన బజార్లలో "బేరం లేదు" అంటూ ఉన్ని కోట్లు అమ్మే వాళ్లకు ఇలాంటి ఇల్లు ఒకటి ఉంటుందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

నూడుల్స్ పులుసు పెట్టే చిన్న హోటల్లో, గుమ్మం దగ్గర ఎండలో ఒక అవ్వ కూర్చుని ఉంది. చిన్నా ఒడియాలో మాట కలిపాడు. ఆమె చిన్నపిల్లగా టిబెట్ నుంచి వచ్చిందట. వీడికి ప్రాణం లేచొచ్చింది. ఫోనులో నిన్నటి పరుగు చూపించాడు. ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న పిల్ల ఒకతి కొండ మీంచి దూసుకొస్తోంది. అవ్వ ఫోను దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరగా పట్టుకుని చూసింది.

"దీని వెనక ఏమి తరుముతోంది?" అని అడిగింది.

"ఏమీ లేదు. ఆట."

"మంచు మీద ఆటా! మంచు పడితే మేము జడలబర్రెలను లెక్కపెట్టుకునేవాళ్లం."

తర్వాత తనే కాసేపటికి చెప్పింది. వాళ్ల నాన్న ముందు నడుస్తూ మంచులో గుంటలు తొక్కేవాడట, ఆ గుంటల్లో ఈమె కాళ్లు వేసేది. కొండ కనుమ ఎక్కేటప్పుడు వాళ్లలో ఎవరూ పడలేదట. పడ్డవాళ్లంతా దిగేటప్పుడే పడ్డారు.

చిన్నా ఈ వాక్యాన్ని నాకు తెలుగులో చెప్పేటప్పుడు కొంచెం గట్టిగా చెప్పాడు. నేను పులుసు తాగుతున్నట్టు నటించాను.

రాత్రి వార్త: ఇజ్రాయెల్ అమ్మాయి నోవా సోలోష్ సూపర్-జీలో కంచు, కంబైన్డ్‌లో, అంటే ఒక వేగపు పరుగూ ఒక స్లాలమ్ పరుగూ కలిపిన పోటీలో, వెండి గెలిచింది. శీతకాలపు యువ ఒలింపిక్స్‌లో ఆ దేశానికి అంతకు ముందు పతకమే లేదు. "ఎండ దేశం మామయ్యా!" అని చిన్నా గంతులు. ఆ అమ్మాయి ఐరోపా కొండల్లో నేర్చుకుందని వాడికీ తెలుసు, ఆ మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కంబైన్డ్‌లో బంగారం ఆస్ట్రియా అమ్మాయి అమాండా సాల్జ్‌గెబర్‌ది. వాళ్లమ్మ అనీటా వాఖ్టర్ 1988లో కాల్గరీ ఒలింపిక్స్‌లో ఇదే కంబైన్డ్‌లో బంగారం గెలిచింది. మా చెల్లెలికి ఆ మాట తెగ నచ్చింది. "చూశావా, తల్లి నేర్పితే వస్తుంది. నేను నేర్పగలిగింది ముగ్గు ఒక్కటే" అంది.

జనవరి 13, సోమవారం

మళ్లీ కడుపునొప్పి. ఈసారి మా చెల్లెలు వైద్యం కూడా అడగలేదు, ఇద్దరికీ పులిహోర కట్టి ఇచ్చింది.

మహేంద్రగిరి 1501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేస్తున్న కొండ అని పెద్దలు చెబుతారు. పైన భీముడి గుడి ఉంది. గుడి అంటే గోపురం ఊహించుకోవద్దు. బండరాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, పేర్చింది భీముడే అన్నా నమ్మబుద్ధి అవుతుంది. కుంతి గుడి, ధర్మరాజు గుడి కూడా ఉన్నాయి. శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారట. ఇవాళ మేమూ, పొగమంచూ, జీపు డ్రైవరూ.

"లే దియాబ్లెరే ఊరు సుమారు 1200 మీటర్ల ఎత్తే. మనమే పైన ఉన్నాం" అన్నాడు చిన్నా. కొండ మనదే ఎత్తు, కానీ భూమి మీద చోటు వేరు. మనం 19 డిగ్రీల దగ్గర ఉన్నాం, వాళ్లు 46 దగ్గర. వాళ్ల మంచు స్కీలకు వస్తుంది. మన మంచు చొక్కా తడపడానికి వస్తుంది.

గుడికి దిగువన గడ్డి వాలు ఒకటి చూసుకుని వాడు వెదురు కర్రలు పాతాడు. ఎర్రది, నీలిది, ఎర్రది, నీలిది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. స్కీలు లేవు, కాబట్టి బూట్లతో పరుగు. మంచు లేని రోజుల్లో పెద్ద ఆటగాళ్లు కూడా నేల మీద ఇలాంటి కసరత్తులు చేస్తారట. పైన నిలబడి కళ్లు మూసుకున్నాడు. అరచేతిని పాములా అటూ ఇటూ తిప్పుతూ దారంతా ఒకసారి గాల్లో దిగాడు. టీవీలో వాళ్లూ అలాగే చేయడం చూశాను. గుడి ముందు అలా కళ్లు మూసుకుని చేతులు తిప్పుతుంటే డ్రైవరు చెప్పులు విప్పాడు, ఏదో మొక్కు అనుకుని.

నా పని ఫోనులో గడియారం నొక్కడం. మొదటి పరుగు 31 సెకన్లు. రెండోసారి 29. మూడోసారి ఏడో కర్ర దగ్గర కాలు జారి, కర్రనూ వెంటబెట్టుకుని పది అడుగులు దొర్లాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది.

"నిజం పోటీలో అయితే ఇంతే సంగతి. గేటు తప్పితే లెక్కలో ఉండం" అని లేచాడు. గడ్డి దులుపుకుంటూ చెప్పాడు: సోలాంగ్ పక్కనే బురువా అనే ఊరు, అక్కడి ఆంచల్ ఠాకూర్ 2012లో మొదటి యువ ఒలింపిక్స్‌కే వెళ్లింది. 2018లో టర్కీలో కంచు తెచ్చింది. అంతర్జాతీయ స్కీ పోటీలో మన దేశానికి అదే తొలి పతకమని అప్పుడు చెప్పుకున్నారు. మరి 1964లోనే ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఒకాయన స్కీ పందెంలో దిగాడట, జెరెమీ బుయాకోవ్‌స్కీ, పోలండులో పుట్టినవాడు. ఇవన్నీ వీడికి ఎవరు చెప్పారో! భౌతికశాస్త్రంలో మార్కులు అడిగితే మాత్రం మాట మారుస్తాడు.

అప్పుడు పై నుంచి ఇద్దరు సవర ఆడవాళ్లు దిగుతూ కనిపించారు. తలల మీద కొండచీపురు కట్టలు, మనిషి కంటే పొడవు. ముందున్నది పెద్దావిడ. కర్రలూ గుడ్డలూ చూసి ఆగిపోయింది. మొహం మారింది. ఒడియాలో చిన్నాని అడిగింది, "కొలతల వాళ్లా? ఇక్కడ ఏమి కడతారు?"

వాలు మీద ఎర్ర గుడ్డ కట్టిన కర్ర అంటే ఈ కొండల్లో ఏమిటో మాకు తట్టలేదు. చిన్నా గబగబా "ఏమీ కట్టరమ్మా, ఆట" అన్నాడు. నమ్మించడానికి రెండు కర్రల మధ్య పరుగెత్తి చూపించాడు. ఆవిడ వెనకనున్న పిల్లకేసి చూసి ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు వినేదాకా నాకు ఊపిరి సరిగా ఆడలేదు.

తర్వాత ఆవిడ కర్రల మధ్యలోంచే దిగింది. సరదాకి అనుకుంటాను. ఎర్రదానికి ఇటు, నీలిదానికి అటు. పరుగు లేదు, నిదానమూ కాదు. కాళ్లు వాలుకు అడ్డంగా పడుతున్నాయి, మోకాళ్లు కొంచెం వంగి ఉన్నాయి. నడుము నుంచి కిందంతా ఇటూ అటూ తిరుగుతోంది. నడుము పైన ఏమీ జరగడం లేదు. కట్ట కొసన వేలాడుతున్న చీపురు పుల్ల కూడా ఊగలేదు.

చిన్నా నా చెయ్యి పట్టుకున్నాడు. "మామయ్యా, కింది కాలు చూడు."

"ఏమైంది?"

"బరువంతా కింది కాలి మీద వేస్తోంది. పై కాలు ఊరికే తోడు వస్తోంది. నేను భయపడి కొండ వైపుకు ఒరుగుతున్నాను, పై కాలి మీద పడుతున్నాను. అందుకే జారింది. సోలాంగ్‌లో సారు మూడు రోజులూ ఇదే అరిచాడు, కింది స్కీ, కింది స్కీ అని. నాకు అర్థం కాలేదు."

భయం వేసినప్పుడు కొండ వైపుకు ఒరగడం ఎవరికైనా సహజం. కొండను విడిచి లోయ వైపుకు బరువు పెట్టమంటే ఒళ్లు వినదు. ఆవిడ తల మీద కట్ట ఉంది. ఒరిగితే కట్ట పడిపోతుంది. అంతే, ఆవిడకు మరో దారి లేదు. పన్నెండో కర్ర దాటి వెనక్కి తిరిగి చూడకుండా మలుపులో కలిసిపోయారు ఇద్దరూ.

వాడు మరో నాలుగుసార్లు దిగాడు. 27 సెకన్లకు వచ్చాడు. నేను జీపు దాకా దిగడానికి ఎంత పట్టిందో కొలవలేదు. కింది కాలు, కింది కాలు అని జపిస్తూ దిగాను. మధ్యలో రెండుసార్లు కూర్చుని కూడా దిగాను.

జనవరి 14, మంగళవారం

భోగి. తెల్లవారకముందే మంట. వెదురు కర్రలు అందులో పడకుండా చిన్నా రాత్రంతా మంచం కింద దాచుకున్నాడట. నా మోకాళ్లు నావి కావు. రోజంతా మంచం మీదే.

మధ్యాహ్నం డాబా మెట్ల మీంచి చప్పుడు. వీడు నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని మెట్లు అడ్డంగా దిగుతున్నాడు. రెండు చెంబులు దొర్లాయి, ముగ్గు చెరిగింది. మా చెల్లెలు అన్న మాటలు ఇక్కడ రాయను.

జనవరి 15, బుధవారం

సంక్రాంతి. ఎదురింటి ఒడియా వాళ్లు మకర చావుళ తెచ్చి ఇచ్చారు. నానబెట్టిన కొత్త బియ్యంలో కొబ్బరి, బెల్లం, అరటిపండు, పాలు. మా అరిసెలు అటు వెళ్లాయి. అరిసె విరగ్గొట్టడానికి వాళ్ల తాతగారు పడ్డ అవస్థ కిటికీలోంచి కనిపించింది.

లే దియాబ్లెరేలో ఇవాళ చివరి పోటీ, జట్ల పందెం. రెండు దారులు పక్కపక్కన, ఒకటి ఎర్ర గేట్లది, ఒకటి నీలిది. రెండు దేశాల వాళ్లు ఒకేసారి దూకుతారు, అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే జట్టు. నాలుగు పరుగులు. చెరి రెండు గెలిస్తే మంచి సమయాలు కూడి తేలుస్తారు. ఇది నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే కోడిపందెంలా ఎదుటివాడు కంటికి కనిపిస్తున్నాడు. అంతవరకూ మనిషి ఒంటరిగా గడియారంతో పోట్లాడటమే చూశాను.

ఒక కుర్రాడు గేటు దగ్గర కొండ వైపుకు ఒరిగాడు. "పడతాడు" అన్నాను. పడ్డాడు. గదిలో అందరూ నావైపు తిరిగారు. బావ అయితే టీ గ్లాసు కింద పెట్టి మరీ చూశాడు. నేను ఏమీ ఎరగనట్టు అరిసె కొరికాను.

జనవరి 17, శుక్రవారం

కనుమ నాడు కాకైనా కదలదంటారు, నేనూ కదల్లేదు. ఇవాళ ప్రయాణం. సంచీ డాబా మీది గదిలో ఉంది. అరిసెలూ, కొమ్ముతో చేసిన కొంగా, చంద్రగిరి స్వెటరూ కలిసి బరువు బాగా పెరిగింది. చిన్నా పైకెళ్లి దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. చేతులు వదిలేశాడు.

"మామయ్యా, సిద్ధమా?"

అడ్డంగా, కింది కాలు, కింది కాలు, మలుపు దగ్గర నడుము తిప్పి, మళ్లీ కింది కాలు. సంచీ కదల్లేదు. ఆఖరి మెట్టు దిగి, సంచీ నెత్తిన ఉండగానే అడిగాడు, "ఎంత?"

నేను గడియారం నొక్కడం మరిచిపోయాను.